అరియర్ ఎవరి బాకీ?

మా బ్యాంకులో రోజూ వాడే మాట ఒకటి కాలేజీ పిల్లల నోట కూడా వినబడుతూ ఉంటుంది. ఆ మాట 'అరియర్'. బ్యాంకులో అరియర్ అంటే గడువు దాటినా కట్టని కంతు. కాలేజీలో అరియర్ అంటే తప్పిన పేపరు. "ఎమ్‌వన్‌లో అరియర్ ఉంది సార్" అంటాడు ఇంజనీరింగు కుర్రవాడు, జలుబు చేసింది అన్నంత తేలికగా. ఎమ్‌వన్ అంటే మొదటి సెమిస్టరు లెక్కల పేపరు. ఆంధ్రదేశంలో దీన్ని బ్యాక్‌లాగ్ అంటారు. మన తమిళనాటి కాలేజీల్లో మాత్రం అరియర్ అన్న మాటే పాతుకుపోయింది. అరియర్ అంటే బాకీ. బాకీ అన్నాక ఇవ్వవలసినవాడు ఒకడు, పుచ్చుకోవలసినవాడు ఒకడు ఉండాలి. ముప్పై ఏళ్ళుగా బాకీల మధ్యనే బతుకుతున్నవాణ్ణి కనుక నన్ను ఈ ప్రశ్న వదలడం లేదు. లెక్కల పేపరు తప్పితే ఎవరు ఎవరికి బాకీ పడ్డట్టు?

మన నుడి ఈ ప్రశ్నకు ఎప్పుడో తీర్పు చెప్పేసింది. "వాడు పరీక్ష తప్పాడు" అంటాం. తప్పినవాడు వాడే. 'తప్పు' అన్న మాట ఆ క్రియలోనే కూర్చుని ఉంది. "వాడికి చెప్పడంలో మేం తప్పాం" అని ఏ కాలేజీ నోటీసు బోర్డు మీదా ఇంతవరకు నేను చదవలేదు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపరుతో నా గణితం ఆగిపోయింది. కాల్క్యులస్ నాకు తెలిసిందల్లా మా అమ్మాయి చదువుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని విన్నంత మేరకే. లెక్కలు ఎలా చెప్పాలో చెప్పడానికి నీకేం అర్హత అని ఎవరైనా అడిగితే, లేదనే అంటాను. కానీ బాకీ ఎవరిది అన్నది లెక్కల ప్రశ్న కాదు. అది న్యాయం ప్రశ్న. అందులో నోరు విప్పడానికి కామర్స్ చాలు.

విద్యా రుణాల పథకం 2001లో వచ్చింది. అంతకుముందు మా కారియాపట్టి ప్రాంతంలో పిల్లవాడి పైచదువంటే తల్లి మెడలోది కుదువ పెట్టడమో, ఆస్తి ఉంటే అమ్ముకోవడమో. పథకం వచ్చాక నాలుగు లక్షల దాకా ఆస్తి హామీ అడగకుండా ఇవ్వడం మొదలుపెట్టాం. ప్రతి ఏడాదీ తర్వాతి విడత ఇచ్చేముందు మార్కుల పట్టిక చూడాలి. అలా నా బల్ల మీదుగా పోయిన పట్టికలు ఎన్నో. కొన్నాళ్ళకు, కాగితం మడత విప్పకముందే తప్పిన పేపరు ఏదో చెప్పగలిగే స్థితికి వచ్చాను. మొదటి ఏడాది, లెక్కలు. దాని వెనకాలే భౌతికశాస్త్రం. మార్కు ఉండవలసిన చోట 'ఆర్.ఏ.' అని రెండక్షరాలు ఉంటాయి. మళ్ళీ రావాలి అని దాని అర్థం.

ఇందులో వింత ఏమిటంటే, ఈ పిల్లలు స్కూల్లో తప్పినవాళ్ళు కారు. మా విరుదునగర్ జిల్లా 1985లో రామనాథపురం నుంచి విడిపడింది. వానకు మొహం వాచిన నేల, అగ్గిపెట్టెలు, టపాకాయలు, అచ్చు యంత్రాలు, మిరపకాయల మండీ. ఇవీ మా సంపదలు. అయినా ప్లస్‌టూ పరీక్షల్లో పాసైనవారి శాతంలో ఏళ్ళ తరబడి రాష్ట్రానికి మా జిల్లాయే మొదటిది. 2023 ఫలితాల్లో కూడా మొదటి స్థానం మాదే. మేలో కొందరికి నూటికి నూరు, మిగతావారికి ఎనభై, తొంభై. అదే పిల్లవాడు డిసెంబరు వచ్చేసరికి లెక్కలు రానివాడు ఎలా అయ్యాడు? ఆరు నెలల్లో బుర్ర అరిగిపోతుందా?

కాలేజీవారిని అడిగితే స్కూలు వైపు చూపిస్తారు. అందులో నిజం లేకపోలేదు. చాలా బడుల్లో ప్లస్‌వన్ పాఠాలు వదిలేసి రెండేళ్ళూ ప్లస్‌టూ పుస్తకమే రుబ్బేవారు. ఈ జబ్బుకు మందుగా 2018లో ప్లస్‌వన్‌కు కూడా పబ్లిక్ పరీక్ష పెట్టారు. పిల్లలకు బరువు ఎక్కువైందని 2025లో ఆ పరీక్షను తీసేశారు. కాల్క్యులస్‌కు పునాది పడేది సరిగ్గా ఆ ప్లస్‌వన్‌లోనే. పునాది లేని గోడ మీద మేం ఏం కడతాం అని లెక్చరర్లు అనడం సహజమే. కానీ బ్యాంకులో ఈ మాట చెల్లదు. ఒక శాఖకు కొత్తగా వచ్చిన మేనేజరు, "ఈ ఖాతా చెడింది పాతాయన హయాంలో" అని చెప్పి కాళ్ళు చాపుకుని కూర్చోలేడు. ఖాతా ఎప్పుడు తెరిచారో కాదు, ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో చూస్తారు. ఆ పిల్లవాణ్ణి చేర్చుకున్న రోజు అతని మార్కులు కాలేజీకి తెలుసు. ఆ మార్కులు ఎలా వచ్చాయో కూడా తెలుసు. తెలిసే ఫీజు పుచ్చుకుంది.

ఒకసారి పత్తి వేసుకునే రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. రెండో ఏడాది విడత కోసం. పట్టికలో ఎమ్‌వన్, ఎమ్‌టూ రెండింటి ఎదుటా ఆర్.ఏ. "వీడికి లెక్క బుర్రకెక్కదంట సామీ, కాలేజీలో వాద్యారే చెప్పినాడు" అన్నాడు తండ్రి, రోగం పేరు చెప్పినట్టు. కుర్రవాడు నేల చూస్తున్నాడు.

"లిమిట్ అంటే ఏమిటి నాయనా? నాకు తెలీదు, చెప్పు" అన్నాను.

గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో నిర్వచనం అప్పగించాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తెలుగులో చెప్పమంటే ఊరుకున్నాడు. పోనీ తమిళంలో చెప్పమన్నా ఊరుకున్నాడు.

అప్పుడు వాళ్ళ బావి సంగతి అడిగాను. పొద్దున మోటారు వేస్తే నీళ్ళు మొదటి అరగంటలో ఎక్కువ దిగుతాయా, ఆఖరి అరగంటలోనా? "మొదట్లోనే సార్. దిగేకొద్దీ ఊట ఎక్కువవుతుంది కదా, అందుకని నిదానిస్తుంది" అన్నాడు వెంటనే. సరిగ్గా పదిగంటలకు ఎంత వేగంగా దిగుతోందో తెలుసుకోవాలంటే ఏం చేస్తావు అన్నాను. కాస్త ఆలోచించి, పదికి ఒకసారి, పదీ అయిదుకు ఒకసారి కొలుస్తానన్నాడు. అయిదు నిమిషాల్లో కూడా వేగం మారిపోతుంది కదా అంటే, "అయితే ఒక నిమిషమే పెట్టుకుంటా. ఇంకా తక్కువ పెట్టుకుంటే ఇంకా సరిగా వస్తుంది" అన్నాడు. అని, తనే ఆగి నావైపు చూశాడు. తను అప్పగించిన ఇంగ్లీషు ముక్కకూ, ఇప్పుడు తనే అన్న మాటకూ ఏదో చుట్టరికం ఉందని ఆ క్షణంలో తోచి ఉంటుంది. తండ్రికి మాత్రం ఏమీ అర్థం కాలేదు, రుణం వస్తుందా రాదా అన్నదే ఆయన బెంగ. వచ్చింది.

ఆ కుర్రవాడికి లెక్క బుర్రకెక్కలేదన్న మాట అబద్ధం. ఎక్కడానికి మెట్లు వేయలేదు, అంతే. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ తమిళం, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. మూడు గడపలు దాటి లెక్క దగ్గరికి వచ్చేసరికి ప్రాణం సొమ్మసిల్లుతుంది. చదువును దేశభాషల్లోకి తేవాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైన్సును కూడా ఉర్దూలోనే చెప్పింది. కాలేజీ పుస్తకాలను తెలుగులో తేవడానికి తెలుగు అకాడమి 1968లో పుట్టింది. ఇక్కడ అన్నా విశ్వవిద్యాలయం 2010లో సివిల్, మెకానికల్ చదువులను తమిళంలో ప్రవేశపెట్టింది. ఎవరి కృషిని తక్కువ చేయను. కానీ పుస్తకం భాష మారినంత మాత్రాన బావి దగ్గరి ఆ సంభాషణ క్లాసులోకి వస్తుందా? తమిళంలో కూడా నిర్వచనం అప్పగించవచ్చు. తెలుగులోనూ అప్పగించవచ్చు.

ఇక మా ఇంటి సంగతి కొంచెం చెబుతాను. ఒకప్పుడు బ్యాంకులు చేతికి రాని వడ్డీని కూడా ఆదాయంగా రాసుకునేవి. పుస్తకాల్లో లాభం, పెట్టెలో సున్న. నరసింహం కమిటీ 1991లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1992 నుంచి ఆ ఆట కట్టింది. 2004 మార్చి ఆఖరు నుంచి తొంభై రోజులు దాటితే ఖాతాను మొండిబాకీగా చూపించి తీరాలి. ఖాతా మొండిబాకీ అయ్యాక రెండు వైపులా విచారణ నడుస్తుంది. తీసుకున్నవాడి మీద వసూలు చర్య ఒకటి. ఇచ్చిన అధికారి బాధ్యత ఎంత అన్నది ఇంకొకటి. ఇచ్చేముందు ఇంటికి వెళ్ళి చూశావా? అతని శక్తికి తగిన వాయిదాలు పెట్టావా? ఇచ్చాక మళ్ళీ వెళ్ళి సొమ్ము దేనికి వాడాడో కనుక్కున్నావా? మొదటి వాయిదా తప్పినప్పుడే పలకరించావా, తొంభై రోజులూ నిద్రపోయావా? జవాబులు సరిగా ఉంటే, వానలు లేక పంట పోయిందంటే, అధికారి మీద మచ్చ ఉండదు. లేకపోతే మెమో వస్తుంది.

కాలేజీలో మొదటి విచారణ ఒక్కటే ఉంది. ఒక క్లాసులో అరవైమందిలో ముప్పైమంది తప్పితే, ముప్పై విడివిడి తప్పులుగా దాన్ని రాసుకుంటారు. ఒకే శాఖలో ఒకే పంటకు ఇచ్చిన రుణాల్లో సగం చెడితే మా ప్రాంతీయ కార్యాలయం ముప్పైమంది రైతుల్ని తిట్టి ఊరుకోదు, మేనేజరును పిలిపిస్తుంది. అంతేకాదు, తప్పిన ప్రతి పేపరుకూ పిల్లవాడు మళ్ళీ పరీక్ష రుసుము కట్టాలి. అప్పు కట్టనివారి మీద వేసే జరిమానాను బ్యాంకులు రాబడి మార్గంగా చూడరాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో గట్టిగా చెప్పింది. పరీక్ష రుసుముల విషయంలో ఆ మాట అనడానికి ఇంకా ఎవరూ పుట్టినట్టు లేదు.

ఇంతవరకు చదివి, "అయితే అందరినీ పాస్ చేసేయమంటావా?" అని ఎవరైనా అడగవచ్చు. ఆ ముచ్చట కూడా మన రాష్ట్రంలో జరిగింది. కరోనా ఏడాది, 2020 ఆగస్టులో, రుసుము కట్టిన విద్యార్థుల అరియర్ పరీక్షలన్నీ రద్దు, అందరూ పాస్ అని ప్రభుత్వం ప్రకటించింది. ఆఖరి సెమిస్టరు పేపర్లకు మాత్రం మినహాయింపు. పిల్లలు పండగ చేసుకున్నారు. పదీ ఇరవై అరియర్లు మూటగట్టుకున్నవాడు తెల్లారేసరికి రుణవిముక్తుడు. సాంకేతిక విద్యా మండలి ఒప్పుకోలేదు, వ్యవహారం మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. పరీక్ష లేకుండా పాస్ అనడం కుదరదని 2021లో తేలింది.

అదే 2021 ఫిబ్రవరిలో సహకార సంఘాల పంట రుణాలు 12,110 కోట్ల రూపాయల మేరకు రాష్ట్ర ప్రభుత్వం మాఫీ చేసింది. రెండూ మాఫీలే కదా అనిపిస్తుంది. కావు. పంట రుణంలో రైతు బాకీదారు, సంఘం పుచ్చుకోవలసినది. పుచ్చుకోవలసినవారికి ప్రభుత్వం సొమ్ము కట్టి రైతును విడిపించింది. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, లెక్క మాత్రం సరిపోయింది. అరియర్‌లో బాకీదారు ఎవరు? పిల్లవాడు ఫీజు కట్టాడు, తండ్రి అప్పు చేశాడు, తల్లి గాజులు తీసి ఇచ్చింది. దానికి బదులుగా అతనికి రావలసిన చదువు రాలేదు. అంటే బాకీ పడినది చదువు చెప్పవలసినవారు. వారే ముందుకొచ్చి "నీ అరియర్ రద్దు చేశాం, ఇక ఫర్వాలేదు" అంటే, అప్పు తీసుకున్నవాడు తన అప్పును తానే మాఫీ చేసుకున్నట్టు! పాపం, పిల్లవాడు అది తనకు జరిగిన మేలనుకుని దండం పెట్టాడు. తనకు రావలసినది శాశ్వతంగా ఎగవేశారని అతనికి తెలిసేది, ఏ కంపెనీవారో ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగినప్పుడు.

కరోనా లేని ఏడాదుల్లో ఇదే పని చప్పుడు లేకుండా జరుగుతుంది. ఇంటర్నల్ మార్కులు ధారాళంగా వేయడం, ప్రశ్నపత్రం తేలిక చేయడం, 'తప్పక వచ్చే ప్రశ్నలు' అని పది రాసివ్వడం. మా వృత్తిలో దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటాం. పాత బాకీ తీరినట్టు చూపడానికి కొత్త అప్పు ఇచ్చి, ఎండిపోయిన ఖాతాను పచ్చగా చూపించే విద్య. రిజర్వు బ్యాంకు తనిఖీలో దొరికితే ఉద్యోగం గోవిందా.

లెక్చరర్ల వైపు కూడా మాట్లాడాలి. మెమోలు ఇవ్వడం మొదలుపెడితే బోధన బాగుపడుతుందని నేను అనడం లేదు. ఎన్నో ప్రైవేటు కాలేజీల్లో మెమోలు ఇప్పటికే ఉన్నాయి. పాస్ శాతం తగ్గితే జీతం పెంపు ఆగిపోతుంది. దాని ఫలితం ఏమిటి? మా దగ్గర జరిగిందే. బాధ్యత విచారణలంటే జడిసి, కొందరు అధికారులు పేదవాడికి సంతకం పెట్టడమే మానుకున్నారు. రుణం ఇవ్వకపోతే మొండిబాకీ ఉండదు కదా! నూటికి నూరు శాతం చూపించాలనుకునే బడి, తొమ్మిదిలోనో ప్లస్‌వన్‌లోనో నిదానమైన పిల్లవాణ్ణి, "వేరే చోట చేర్చుకోండి" అని మెల్లగా సాగనంపుతుంది. శాతం పెరుగుతుంది. సాగనంపిన పిల్లవాడు ఏ పట్టికలోనూ కనబడడు. 1984 తర్వాత రాష్ట్రంలో స్వయం పోషక ఇంజనీరింగు కాలేజీలు పెరిగిపోయాయి. చాలా చోట్ల రోజుకు నాలుగైదు క్లాసులు చెప్పి, మిగిలిన సమయంలో అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరిగే లెక్చరరు బాధ కూడా బాధే. ఆయన నుంచి శాతం అడగడం సులువు. "ఇచ్చాక మళ్ళీ వెళ్ళి చూశావా?" అన్న ప్రశ్న అడగాలంటే, వెళ్ళి చూడడానికి ఆయనకు తీరిక ఇవ్వాలి.

ఆ వెళ్ళి చూడడం అన్నదే నాకు ఈ విషయమంతటిలో ముఖ్యంగా కనిపిస్తుంది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970లలో యూరి ట్రైస్‌మన్ అనే యువకుడు ఉండేవాడు. అక్కడ నల్లజాతి విద్యార్థులు మొదటి ఏడాది కాల్క్యులస్‌లో వరసగా తప్పుతున్నారు, చైనా సంతతివారు నిలబడుతున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే మనవాళ్ళు చెప్పే జవాబులే వచ్చాయి. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు లేదు, డబ్బు లేదు. ఆయన ఆ జవాబులు పుచ్చుకుని ఊరుకోలేదు. ఇటు ఇరవైమందిని, అటు ఇరవైమందిని ఎంచుకుని, వాళ్ళు ఎక్కడ ఎలా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలు ఒక్కటీ నిలవలేదు. నల్లజాతి పిల్లలు చెప్పినన్ని గంటలూ నిష్ఠగా చదువుతున్నారు. కానీ ఒంటరిగా. గదిలో తలుపు వేసుకుని. చైనా పిల్లలు కొంతసేపు విడిగా చేసుకుని, తర్వాత ఒకచోట చేరి, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుని, కలిసి తింటూ కలిసి వాదించుకుంటున్నారు. ఒంటరి పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పిందో చెప్పేవాడు లేడు. అందరికీ వచ్చింది, తనకే రాలేదనుకుంటాడు.

ట్రైస్‌మన్ 1978లో మొదలుపెట్టిన పనిలో నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. 'వెనకబడినవారికి ప్రత్యేక తరగతి' అని బోర్డు కట్టలేదు. తేలిక లెక్కలు ఇవ్వలేదు. గట్టి లెక్కలే ఇచ్చి, గుంపుగా కూర్చోబెట్టి, కొట్లాడుకోమన్నాడు. తర్వాత ఆ పిల్లలు క్లాసులో మిగతావారితో సమానంగా నిలిచారు, కొందరు మించారు కూడా. జాలిపడి వాయిదా తగ్గించడం వేరు, నువ్వు కట్టగలవని నమ్మి పక్కన నిలబడడం వేరు. బ్యాంకులో ఈ రెండింటి తేడా బాగా తెలుసు.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ కథ ఇంకో రకం. పిల్లలు కఠినమైన లెక్కలు చేసి మంచి మార్కులు తెచ్చుకుంటున్నారు, తన పాఠాలను మెచ్చుకుంటున్నారు. అరిజోనా అధ్యాపకులు తయారుచేసిన ఒక మామూలు ప్రశ్నల పట్టీ ఇచ్చి చూస్తే, లారీ కారును గుద్దితే ఏది దేన్ని ఎంత బలంతో తోస్తుంది లాంటి వాటిలో తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, నేను నిజంగా అనుకుంటున్నట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగాడట. నా బల్ల ముందు లిమిట్ అప్పగించిన కుర్రవాడూ, ఆ హార్వర్డ్ విద్యార్థీ ఒక్క విధంగా అన్నదమ్ములు. మజూర్ 1991 నుంచి పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి, పక్కవాడితో వాదించుకుని జవాబు చెప్పండి అనడం మొదలుపెట్టాడు. ఇలా పిల్లలతో పని చేయించే తరగతులకూ ఉత్త ఉపన్యాసాలకూ తేడా చూపే 225 అధ్యయనాలను కలిపి 2014లో అమెరికాలో ఒక బృందం లెక్క కట్టింది. సైన్సు, లెక్కలు, ఇంజనీరింగు క్లాసుల్లో, ఉపన్యాసం వింటే తప్పేవారు నూటికి 34. పని చేయిస్తే తప్పేవారు 22. నూటికి పన్నెండుమంది! ఆ పన్నెండుమందీ ఉపన్యాసం క్లాసులో ఉంటే 'బుర్రకెక్కనివాళ్ళు' అనిపించుకునేవాళ్ళే.

వీటిని సీమ వింతలుగా చెప్పడం లేదు. మన తాతలు చదివిన తిన్నెబడుల్లో ఒక్కడే అయ్యవారు, నలభైమంది పిల్లలు. పెద్దపిల్లవాడు చిన్నవాళ్ళకు చెప్పేవాడు. తమిళంలో అతన్ని సట్టాంపిళ్ళై అనేవారు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడిని చూసుకుంటున్న ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, పిల్లలచేత పిల్లలకు చెప్పించే పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో ఇంగ్లండులో దాని గురించి పుస్తకం అచ్చు వేశాడు. అక్కడ దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. మనం మాత్రం, క్లాసులో పక్కవాడితో మాట్లాడితే బయట నిలబెట్టే చదువుకు అలవాటు పడ్డాం. తిన్నెబడిలో బెత్తం దెబ్బలూ, కొందరు కులాల పిల్లలు ఆ అరుగు ఎక్కలేకపోవడమూ నాకు తెలుసు. దాన్ని తిరిగి తెమ్మని అనడం లేదు. పక్కవాడితో మాట్లాడనిమ్మంటున్నాను.

పక్కవాడితో మాట్లాడనిస్తే భాష చిక్కు కూడా సగం తీరుతుంది. లెక్చరరు ఇంగ్లీషులోనే చెప్పనివ్వండి, పరీక్ష ఇంగ్లీషులోనే రాయనివ్వండి. నడుమ ఆ పది నిమిషాలు పిల్లలు ఏ భాషలో కొట్లాడుకుంటే ఎవరికి నష్టం? మన తెలుగు పిల్లలు ఇద్దరు ఒక బెంచీ మీద ఉంటే తెలుగులో అనుకుంటారు, లేకపోతే తమిళంలో. డిగ్రీలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పిన సారు ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పెట్టి, విరుదునగర్ మండీలో వారం రోజుల మిరపకాయల ధరలు మాచేత బోర్డు మీద రాయించేవారు. "ఈ వారం ధర నిలకడగా ఉందా, ఎగిరి దూకుతోందా? ఎంత ఎగిరిందో ఒక్క అంకెలో చెప్పండిరా" అని తమిళంలో అడిగి, మేం కిందామీదా పడి నాలుగు రకాలుగా లెక్కవేశాక, ఐదోదిగా స్టాండర్డ్ డీవియేషన్ చెప్పారు. ముప్పై అయిదేళ్ళయినా అది నాకు మండీ వాసనతోనే గుర్తుంది.

రామానుజన్‌ను ఎవరు నేర్పారు, తెలివి ఉంటే తనే వస్తుంది అనే పెద్దమనిషి ఒకరు ప్రతి సభలోనూ ఉంటారు. కుంభకోణం కాలేజీలో 1904లో చేరిన ఆ పిల్లవాడు ఇంగ్లీషులో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, ఇల్లు వదిలి విశాఖపట్నం దాకా పారిపోయాడు. తర్వాత మద్రాసులో పచ్చయ్యప్ప కాలేజీలోనూ తప్పాడు. అంతటివాడికే ఆ గతి పట్టించిన పరీక్షలను చూపించి, మామూలు పిల్లల తెలివిని నిర్ణయిస్తారా? కాలేజీ ఉన్నది రామానుజన్ కోసం కాదు. విరుదునగర్‌లో 1947లో వ్యాపారులు సొమ్ము పోగుచేసి కాలేజీ పెట్టింది, మండీలో తూకం వేసే మనిషి కొడుకు కూడా చదవాలని.

ఈమధ్య విద్యా రుణానికి వచ్చే పిల్లల్ని నేను ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను. ఫారంలో లేని ప్రశ్న. లెక్కలు ఎవరితో కూర్చుని చేస్తావు? "ఎవరితో ఏముంది సార్, ఇంట్లోనే" అంటారు దాదాపు అందరూ. ఎందుకని ఇంకాస్త గుచ్చి అడిగితే బయటపడింది బస్సు. కాలేజీ బస్సులు సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరతాయి. ఆఖరి క్లాసు అవుతూనే పరుగు. తప్పితే ఇల్లు చేరడం ఎలాగో తెలియదు. అయిదున్నరకు కారియాపట్టిలో దిగి, తలో ఊరికీ చెదిరిపోతారు. రాత్రి ఎనిమిదింటికి ఏ పొలం పక్క ఇంట్లోనో ఒక దీపం కింద ఒక పిల్ల, ఒక పుస్తకం, ఒక రాని లెక్క. హాస్టలు పిల్లలకు ఆ బాధ కొంత తక్కువ. హాస్టలు ఫీజు కట్టలేనివాళ్ళకే అరియర్లు ఎక్కువగా ఉండడానికి మనం చెప్పుకునే కారణాల్లో బస్సు పేరు ఎవరూ ఎత్తరు.

బస్సు ఒక గంట ఆలస్యంగా బయలుదేరితే, క్లాసు గదులు ఖాళీగానే ఉంటాయి, పైతరగతి పిల్లలు ఉంటారు, ఒక లెక్చరరుకు ఆ గంటకు వేరే జీతం ఇస్తే చాలు. బస్టాండులో దిగిన ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్ని అడిగి చూశాను, బస్సు ఒక గంట ఆగితే మీరు ఉంటారా అమ్మా అని. "ఉంటాం సార్" అన్నారు. వాళ్ళలో ఒక పిల్ల రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "కానీ సార్, మా ఊరికి ఆఖరి టౌన్‌బస్సు ఆరింటికే" అంది. ఆ టౌన్‌బస్సు వేళ గురించి డిపోకు ఒక అర్జీ రాసి, ఆ ఊరి పెద్దల సంతకాల కోసం పంపాను.